మాస్టారి గొంతు తుడిచేసిన లీవు టీచరమ్మ

మా బళ్ళో ఏ టీచరుకు జ్వరమొచ్చినా మొదటి ఫోను డాక్టరుకు కాదు, ఆవిడకు వెళ్ళేది. కాన్పులు, కాళ్ళు విరగడాలు, కళ్ళ ఆపరేషన్లు, ఇంట్లో పెళ్ళి పనులు... ఎవరు ఏ కారణంతో సెలవు పెట్టినా మర్నాడు పొద్దున్న వాళ్ళ క్లాసులో ఆవిడ ప్రత్యక్షం. అందుకే ఆవిడ లీవు టీచరమ్మ అయింది. అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, మా స్టాఫ్ రూములో దానితో ఎవరికీ పని పడలేదు. ఫోనెత్తితే ఆవిడే, "లీవు టీచరమ్మనండీ! ఈసారి ఎవరు పడ్డారు?" అనేది.

ఆ బళ్ళోనే తెలుగు చెప్పుకునేదాన్ని నేను. రిటైరయ్యాక కూర్చోబెట్టి వినిపించడానికి పిల్లలు లేరు కాబట్టి ఇలా కాగితం మీద మాట్లాడుతున్నాను. చెప్పుకోవాల్సినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ముందు ఆవిడ గురించి చెప్పకపోతే నాకు తోచదు.

పొట్టి మనిషి. కళ్ళజోడుకు దారం. భుజాన ఒక పెద్ద సంచీ. అందులో సుద్దముక్కలు, పిన్నీసులు, గొంతు బిళ్ళలు, ఎవరి చొక్కాకైనా గుండీ ఊడితే కుట్టడానికి సూదీ దారం. పొద్దున్న లెక్కలు, మధ్యాహ్నం జీవశాస్త్రం, మధ్యలో ఖాళీ దొరికితే కుట్లు అల్లికలు. ఆటల మాస్టారు నడుం పట్టేసి మంచమెక్కితే విజిల్ మెడలో వేసుకుని గ్రౌండులోకి కూడా దిగింది. పిల్లలు పరిగెత్తమంటే పరిగెత్తారు గానీ, ఆగమని విజిల్ ఎలా ఊదాలో ఆవిడకు తెలియక పాపం చాలాసేపు పరిగెత్తారు.

ఆవిడకొక పద్ధతి ఉండేది. ఏ క్లాసులోంచి వెళ్ళిపోయినా, తను వచ్చిన ఆనవాలు మిగలకూడదు. బల్లలు వరసలో పెట్టేది. చెత్తబుట్ట తనే బయట గుమ్మరించి వచ్చేది. ముఖ్యంగా బోర్డు. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి, మూలల్లో సుద్ద కనబడితే చీరకొంగుతో కూడా తుడిచేది.

"ఎందుకమ్మా అంత అరగదీత? రేపు ఆయనొచ్చి మళ్ళీ రాసుకునేదే కదా" అన్నానొకసారి.

"అదే కదండీ అక్కయ్య గారూ! వచ్చి చూసుకునేసరికి వాళ్ళ బోర్డు వాళ్ళకు కొత్తగా ఉండాలి. మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళం. మన చేతిరాత వాళ్ళ గోడ మీద వదిలి పోతామా?"

సెలవు నుంచి తిరిగొచ్చిన టీచర్లకు ఈ పద్ధతి ఎంత హాయో చెప్పలేను. మాకు కావలసింది కూడా అదే. మేం లేనప్పుడు ఎవరో ఉండాలి, మేం వచ్చాక వాళ్ళు ఉన్నట్టు తెలియకూడదు. ఇప్పుడు రాస్తుంటే ఇది కొంచెం క్రూరంగా కనిపిస్తోంది. అప్పుడు కనిపించలేదు.

తర్వాత మా బడికి డిజిటల్ బోర్డులొచ్చాయి. గోడకు బిగించిన పెద్ద టీవీలాంటిది. వేలితో రాయొచ్చు, బొమ్మలు చూపించొచ్చు, మాటలు రికార్డు చేసి దాచుకోవచ్చు. మా గదుల్లో మేం రోజూ దానితో కుస్తీ పట్టి ఎలాగో లొంగదీసుకున్నాం. లీవు టీచరమ్మకు రోజుకో గది, గదికో బోర్డు, బోర్డుకో బుద్ధి. ఒకదాన్ని మచ్చిక చేసుకునేలోపు ఆ గది టీచరు జ్వరం తగ్గి వచ్చేసేవారు.

మొదటి రోజే మార్కర్ పెన్ను తీసి, కొత్త బోర్డు పైమూల తేదీ రాసేసింది. క్లాసంతా గొల్లుమంది.

"టీచరమ్మా, వేలితో రాయాలి! వేలితో!"

"వేలితో రాస్తే ఏం పడుతుందర్రా? నా వేలికి సిరా ఉందా?"

అటెండరు స్పిరిట్ పెట్టి తుడిచాడు, కిరోసిన్ పెట్టి తుడిచాడు, చివరికి తిట్లు పెట్టి తుడిచాడు. మసకగా ఆ తేదీ అలాగే ఉండిపోయింది. ఆ క్లాసులో సంవత్సరమంతా ఒకటే రోజు.

ఇంకోసారి పిల్లలకు పక్షుల కూతలు వినిపిద్దామని తన ఫోనును బోర్డుకు కలిపింది. కలిపాననుకుంది. అది వెళ్ళి ప్రార్థన జరిగే మైదానంలోని మైకుకు అతుక్కుంది. సరిగ్గా అప్పుడే వాళ్ళ చెల్లెలు ఫోను చేసింది. బడి మొత్తం విన్నాం.

"అక్కా, ఏం చేస్తున్నావే?"

"పిట్టల పాఠంలో ఉన్నాను. త్వరగా చెప్పు."

"ఏం లేదు గానీ, మీ హెడ్మాస్టరు ఇంకా మీటింగుల్లో గురక పెడుతున్నాడా?"

"మెల్లగా మాట్లాడు! పెట్టకేం, నిన్న కూడా... ఉండు ఉండు. బయట ఎవరో నా గొంతుతో మాట్లాడుతున్నారే!"

ఆ సాయంత్రం స్టాఫ్ మీటింగులో హెడ్మాస్టరు గారు కంటిరెప్ప వేయలేదు. మేం ఎవ్వరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. ఇక చెప్పబోయేది భూగోళం మాస్టారి సంగతి.

భూగోళం మాస్టారు అంటే మనిషి కంటే ముందు గొంతు. ఆయన నదుల పాఠం మొదలుపెడితే నా గదిలో పద్యం కొట్టుకుపోయేది. "మాస్టారూ, మీ సముద్రం కాస్త వెనక్కి తీసుకోండి" అని నేను గోడ మీద తట్టేదాన్ని. "అలలు నా మాట వినవమ్మా" అని అటునుంచి ఇంకా గట్టిగా వచ్చేది. అలాంటి మనిషికి దగ్గు పట్టుకుంది. ఏదో చల్లగాలి అనుకున్నాం. అది తగ్గలేదు. పరీక్షలు చేసి చివరికి స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. ప్రాణానికి భయం లేదు గానీ, మాట ఉండదు. మాట్లాడే యంత్రాలేవో ఉన్నాయన్నారట. ఆయన వద్దన్నారు.

మాట లేని టీచరు ఏం చేస్తాడు? రిటైరవడానికి ఆయనకింకా చాలా కాలం ఉంది. హెడ్మాస్టరు మంచివారే, "లైబ్రరీ చూసుకోండి, అక్కడ మాట్లాడే పనే ఉండదు" అన్నారు. మాస్టారు ఆయన వంక ఎలా చూశారంటే, నేనైతే మరో బడికి బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయేదాన్ని.

ఆపరేషనుకు ముందు మాస్టారు ఒక పని చేశారు. రోజూ చివరి గంట కొట్టి పిల్లలు వెళ్ళాక, ఖాళీ క్లాసులో బోర్డు ముందు నిలబడి పాఠాలన్నీ ఒక్కొక్కటే రికార్డు చేసుకున్నారు. సంవత్సరం మొత్తానికి సరిపడా. తర్వాత తను క్లాసుకొచ్చి నిలబడితే చాలు, పటం మీద కర్ర కదిలించేది తను, మాట్లాడేది బోర్డు. పేపర్లు దిద్దుకుంటూ పక్క గదిలో కూర్చుని నేను వినేదాన్ని. ఆ దగ్గుతోనే చెప్పారు. మధ్య మధ్యలో ప్రశ్న అడిగి, "ఊఁ... చెప్పండి... ఎవరూ లేరా?" అని ఆగేవారు. రేపెప్పుడో పిల్లలు జవాబు చెప్పడానికి చోటు వదిలేవారన్నమాట. ఆ నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా నా ఎర్రసిరా పెన్ను కూడా ఆగిపోయేది.

ఇంకోచోట కూడా దాచిపెట్టుకోమని కంప్యూటర్ మేడం చెప్పిందట. "గోడకు బిగించిన బోర్డు ఎక్కడికి పోతుందమ్మా!" అన్నారట మాస్టారు.

ఆయన ఆసుపత్రిలో చేరాక, ఆ క్లాసులకు లీవు టీచరమ్మ వచ్చింది. ఈసారి పని తేలిక. బోర్డు మీద ఏ పాఠం బొమ్మ తాకితే ఆ పాఠం వస్తుంది, అల్లరి లేకుండా చూసుకుంటే చాలు. ఒక్కో పాఠం అన్ని సెక్షన్లలోనూ వినీ వినీ, "అక్కయ్య గారూ, నాకు ఎడారులు నిద్రలో కూడా వస్తున్నాయి" అనేది.

మాస్టారు కోలుకున్నారు. సోమవారం నుంచి క్లాసుకొస్తున్నారని కబురొచ్చింది. శనివారం సాయంత్రం లీవు టీచరమ్మ ఆ గది మీద పడింది. కిటికీ ఊచలు తుడిచింది. పటాలకు బూజు దులిపింది. కుర్చీ కాలు ఊగుతుంటే కింద అట్టముక్క పెట్టింది. ఆయన వచ్చేసరికి గది అద్దంలా ఉండాలి. చివరికి బోర్డు దగ్గరకొచ్చింది. చూస్తే తెరనిండా చిన్న చిన్న బొమ్మలు.

ఇక్కడ ఆవిడ బుర్రలో ఏం నడిచిందో తర్వాత నాకు తనే చెప్పింది. పాఠాలు లోపల ఎక్కడో భద్రంగా ఉంటాయి, వేసినప్పుడల్లా ఈ బొమ్మలు పైన మిగిలిపోతాయి, సుద్దరాతలు మిగిలినట్టు. "ఆడిపోయిన సినిమా తెర మీంచి తుడిస్తే సినిమా పోతుందాండీ?" అనుకుందట. అన్నిటినీ ఒక్కసారే తుడిచే గుర్తు వెతికి పట్టుకుని, వేలు పెట్టింది. అన్నీ తీసెయ్యాలా అని బోర్డు మర్యాదగా అడిగింది. అవునంది. తెర తెల్లగా అయింది. అంతటితో ఆగినా బాగుండేది. కింద మూల చెత్తబుట్ట బొమ్మ నిండుగా కనిపించింది. చెత్తబుట్ట నిండుగా వదిలేసి పోయే మనిషా ఆవిడ! దాన్నీ ఖాళీ చేసింది. తాళం వేసి, చేతులు దులుపుకుని, నా గదిలోకి తొంగి చూసి, "సోమవారం మాస్టారు చూసి మెచ్చుకోవాలి" అని వెళ్ళింది.

సోమవారం మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకుని వచ్చారు. పిల్లలు లేచి నిలబడి, గుడ్ మార్నింగ్ చెప్పాలో చప్పట్లు కొట్టాలో తెలియక రెండూ చేశారు. ఆయన చేయెత్తి కూర్చోమని, బోర్డు మీద వేలు పెట్టారు. తెల్లగా ఉంది. మళ్ళీ పెట్టారు. పక్కన పెట్టారు, పైన పెట్టారు. తెల్లగానే ఉంది. పొద్దున్నే గది తాళం తీసిపెట్టిన లీవు టీచరమ్మ గుమ్మంలో నవ్వుమొహంతో నిలబడి ఉంది.

"అన్నీ తుడిచేశాను మాస్టారూ, చూశారా ఎంత శుభ్రంగా..." అని ఆగిపోయింది.

కంప్యూటర్ మేడం పరిగెత్తుకొచ్చింది. మధ్యాహ్నానికి కంపెనీ మెకానిక్కు కూడా వచ్చి, వైర్లు పెట్టి తీసి, తలగోక్కున్నాడు. "బుట్టలో ఉన్నా తీసేవాణ్ణమ్మా. బుట్ట కూడా ఖాళీ చేశారు కదా. అంత పద్ధతిగా ఎవరూ చెయ్యరండీ!" అన్నాడు. అతని దృష్టిలో అది మెచ్చుకోలే.

మాస్టారు అప్పటికే ఇంటికి వెళ్ళిపోయారు. ఎవరినీ ఏమీ అనలేదు. అనడానికి ఏముంది ఆయన దగ్గర?

"ఇక లైబ్రరీయే" అన్నారు హెడ్మాస్టరు గారు. "లేదంటే ఆయనే ఉద్యోగం వదిలేస్తానంటారేమో. అదీ మంచిదేనేమో. పాపం."

లీవు టీచరమ్మ స్టాఫ్ రూములో మూల కుర్చీలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అందరూ వచ్చి, పోనీలే అన్నారు, తెలిసి చేశావా అన్నారు. ఆవిడ వినలేదు. సాయంత్రం లేచి, "అక్కయ్య గారూ, నాతో మాస్టారింటికి వస్తారా? ఒక్కదాన్నే వెళ్తే గుమ్మంలోంచే పారిపోతాను" అంది.

వెళ్ళాం. మాస్టారి భార్య తలుపు తీసింది. నన్ను చూసి మొహం విప్పి, వెనకున్న ఆవిణ్ణి చూసి ముడుచుకుంది.

"ఆయన పడుకున్నారు."

లోపల కుర్చీ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"మీతో చెప్పినా చాలమ్మా. తప్పు నాదే" అంది లీవు టీచరమ్మ.

"నాకు చెప్పి ఏం లాభం? ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మాట ఒక్కటి కూడా ఈ ఇంట్లో దాచుకోలేదు టీచరమ్మా. ఉప్పు ఎక్కువైంది, గొడుగేది, తలుపెయ్యి... ఇవి ఎవరు దాచుకుంటారు? పోనీ బళ్ళో ఉందిలే, ఎప్పుడైనా గేటు దగ్గర నిలబడి విందాం అనుకున్నాను. అది కూడా మీరు..." ఆవిడ మాట మధ్యలో ఆపి దారిచ్చింది. తిట్టి పంపించడం చేతకాని మనిషి.

మాస్టారు కిటికీ దగ్గర కూర్చున్నారు. ఒళ్ళో పిల్లలు రాసుకునే పలక. మమ్మల్ని చూసి దాని మీద రాసి చూపించారు. 'ఎవరు రమ్మన్నారు?'

"ఎవరూ రమ్మనలేదు మాస్టారూ. నేనొక మాట చెప్పి పోతాను. రేపట్నుంచి మీరు క్లాసుకి రండి. పాఠం మీరే చెప్పండి. నోరు నేనవుతాను."

'వద్దు.'

"మీ పాఠాలన్నీ విన్నాను. ఎక్కడ ఆపుతారో, ఎక్కడ గదమాయిస్తారో కూడా తెలుసు."

పలక మీద రాసిన మాట కిందే గీత కొట్టారు. వద్దు.

"ఇంకొకరి బదులు నిలబడటం తప్ప నాకేం వచ్చు మాస్టారూ? ఇన్నాళ్ళూ వాళ్ళు లేనప్పుడు నిలబడ్డాను. ఈసారి మీరు ఉండగానే నిలబడతాను. అంతే తేడా."

ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని లాగాను. కదలలేదు. అక్కడే, గది మధ్యలో నిలబడి, గొంతు సవరించుకుని, నదుల పాఠం మొదలుపెట్టింది. గొంతు ఆవిడదే, మాట నడక మాత్రం మాస్టారిది. వాక్యం చివర ఒత్తి వదలడం, నది పుట్టిన చోట మెల్లగా మాట్లాడి మైదానంలోకి రాగానే విశాలంగా చెయ్యి చాపడం, మధ్యలో ఆ దగ్గు కూడా.

"ఆ దగ్గొక్కటి వద్దమ్మా" అంది తలుపు చాటునుంచి మాస్టారి భార్య. "ఇదంతా దానితోనే మొదలైంది."

లీవు టీచరమ్మ తలవంచుకుని, ఆపిన చోటునుంచి దగ్గు లేకుండా అందుకుంది. నది సముద్రం దాకా వచ్చింది. "ఇక్కడ నది వేగం బాగా పెరిగి, తెచ్చిన మట్టినంతా ఒడ్డున వేసి..."

టప్పుమని చప్పుడైంది. మాస్టారు కుర్చీ చేతి మీద కొట్టారు. పలక లాక్కుని గబగబా రాశారు. 'పెరిగితే మట్టి ఎలా ఆగుతుంది? వేగం తగ్గుతుంది!' ఆ ఆశ్చర్యార్థకం దగ్గర సుద్ద విరిగింది.

"తగ్గుతుందా? నేను ఇన్నిసార్లు విన్నా పెరుగుతుందనే అనుకున్నానే!"

ఆయన పలక తుడిచి, నదిని గీశారు. వంపులు గీశారు. సముద్రం దగ్గర పాయలు గీశారు. మట్టి ఎక్కడ ఆగుతుందో చుక్కలు పెట్టి, ఇటు చూడమని వేలితో పలకను పొడిచారు. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, "ఓహో, నెమ్మదించాకే దింపుకుంటుందన్నమాట, బరువు మోసుకొచ్చిన మనిషిలాగ" అంది. ఆయన తల అడ్డంగా ఊపారు, ఆ పోలిక తన పాఠంలో లేదని. తర్వాత కొంచెం ఆలోచించి, నిలువుగా ఊపారు.

దారిలో అడిగాను. "నిజం చెప్పు, కావాలనే తప్పు చెప్పావు కదూ?"

"అయ్యో అక్కయ్య గారూ, నాకు భూగోళం నిజంగానే రాదండీ!"

హెడ్మాస్టరు గారు మొదట ఒప్పుకోలేదు. "ఒక్క పీరియడుకు ఇద్దరు టీచర్లా? ఇదేమన్నా యుగళగీతమా?" అన్నారు. మేమంతా కలిసి ఆయన గది ముందు నిలబడితే, "సరే, సంవత్సరం చివరిదాకా చూద్దాం. నడవకపోతే లైబ్రరీ" అన్నారు. మాస్టారి బతుకు మళ్ళీ ఆ ఒక్క మాట దగ్గర ఆగింది.

మొదటివారం అస్సలు నడవలేదని ఒప్పుకోవాలి. మాస్టారి చెయ్యి పర్వతాల మీద ఉంటే ఆవిడ నోరు ఇంకా పీఠభూమి మీదే ఉండేది. ఆయన ఒక్క వేలు చూపిస్తే ఆవిడ అరగంట చెప్పేది. ఆయన కర్రతో బల్ల మీద కొట్టి ఆపాల్సి వచ్చేది.

"టీచరమ్మా, మాస్టారు చెప్పింది అంత లేదు! మీరు కలుపుతున్నారు!" అని వెనక బెంచీలోంచి ఒక వాగుడుకాయ అరిచాడు.

"నీకెలా తెలుసురా?"

"చూస్తున్నాం కదా! ఆయన గాలి అటు వెళ్తుందన్నారు, అంతే. మీరేమో మీ చెల్లెలి ఇంటి కిటికీ దాకా తీసుకెళ్ళారు."

మాస్టారు నోరు తెరిచి నవ్వారు. చప్పుడు లేని నవ్వు. భుజాలు మాత్రం పాతవే, అలాగే ఎగిరిపడ్డాయి. ఆపరేషను తర్వాత ఆయన నవ్వడం మేమెవరం చూడలేదు.

నెలలు గడిచేకొద్దీ ఆవిడ మాటలు తగ్గించుకుంది. అది ఆవిడకు ఎంత కష్టమో పక్కనుండి చూసినదాన్ని నాకు తెలుసు. ఒక్కోసారి క్లాసులోంచి వచ్చి, "ఆపుకున్న మాటలన్నీ ఇక్కడ ఉన్నాయండీ" అని గొంతు కింద చెయ్యి పెట్టుకుని, స్టాఫ్ రూములో గుక్క తిప్పుకోకుండా మాట్లాడేసేది. మేం టీ తాగుతూ వినేవాళ్ళం.

పరీక్షలు దగ్గర పడుతుండగా ఒకరోజు పొద్దున్నే హెడ్మాస్టరు గారు నా దగ్గరకు పరిగెత్తుకొచ్చారు. మొహంలో నెత్తురు లేదు.

"లీవు టీచరమ్మ లీవు పెట్టిందమ్మా!"

"ఏమైంది?"

"జ్వరమట. ఇప్పుడు నేనెవరికి ఫోను చెయ్యాలి? ఎవరు పడినా ఆవిడకే చేసేవాణ్ణి! మీకు ఈ పీరియడు ఖాళీ కదా, వెళ్ళి మాస్టారి పక్కన నిలబడండి. లేకపోతే క్లాసు గోల చేస్తుంది, గోల చేస్తే ఇది నడవదని నేను రాయాల్సి వస్తుంది."

వెళ్ళాను. గాలుల పాఠం. మాస్టారు నాకు నమస్కారం పెట్టి మొదలుపెట్టారు. అరచేతిని నేల మీంచి లేపారు. వేళ్ళు విప్పారు. రెండో చేతిని పక్కనుంచి తోసుకుంటూ తెచ్చారు. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. కవిత్వంలో గాలుల గురించి కావలసినంత చెప్పగలను గానీ, ఆ చేతుల్లో ఏముందో నాకొక్క ముక్క అందలేదు.

"పిల్లలూ, మాస్టారు ఏమంటున్నారంటే..." అని నీళ్ళు నమిలాను.

మొదటి బెంచీలో పొడుగు జడల పిల్ల జాలిగా చూసింది. "మీరు కూర్చోండి టీచర్. మాకు అర్థమవుతోంది."

"ఏమర్థమవుతోంది?"

"నేల వేడెక్కితే అక్కడి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి వస్తుంది. రాత్రయితే ఏమవుతుందని అడుగుతున్నారు. ఉండండి, నేను చెప్పాలి." అని చెయ్యెత్తింది. చుట్టూ చేతులు లేచాయి. వాగుడుకాయ అయితే నోటితో కాదు, చేతులతోనే జవాబు చెప్పాడు. సముద్రం ఇటు, నేల అటు, గాలి వెనక్కి. మాస్టారు వాడి చెయ్యి పట్టుకుని కొంచెం కిందకు దించారు. అంతే. తప్పు దిద్దేశారు. క్లాసులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు, పాఠం మాత్రం నా కళ్ళముందు పరిగెడుతోంది. నేను వెళ్ళి ఖాళీ బెంచీలో కూర్చున్నాను. వరండాలో హెడ్మాస్టరు గారు కిటికీ దగ్గర ఆగి చూసి, ఏమీ అనకుండా, చెప్పులు చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాత లైబ్రరీ మాట ఆయన నోట మళ్ళీ వినలేదు.

సాయంత్రం లీవు టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. చెల్లెలు పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తోంది. ఆవిడ నన్ను చూడగానే లేవబోయింది.

"ఏమైందండీ? గోల చేశారా? హెడ్మాస్టరు ఏమన్నారు?"

"ఎవరూ గోల చెయ్యలేదు. నన్ను కూర్చోమన్నారు." జరిగిందంతా చెప్పాను. చేతులతో చెప్పిన వాగుడుకాయ సంగతి కూడా. హెడ్మాస్టరు గారి చెప్పుల సంగతి కూడా.

ఆవిడ కళ్ళు మూసుకుంది. జ్వరానికి ఎర్రబడ్డ మొహం ఇంకాస్త ఎర్రబడింది. సంతోషమే అది, నాకు తెలుసు. దాని పక్కన ఇంకేదో కూడా ఉంది.

"అయితే నేను లేకపోయినా నడిచిందన్నమాట."

"నడిచింది."

"గాలుల పాఠం కష్టం. రాత్రి గాలి తిరగబడేది కూడా చెప్పారా?"

"చెప్పారు."

"మంచిది" అంది. దుప్పటి అంచు వేళ్ళతో సవరించింది, ముడత లేనిచోట కూడా. "నేనేమయ్యానని ఎవరూ అడగలేదాండీ?"

"మాస్టారు అడిగారు."

"ఎలా?"

నేను బొటనవేలు, మిగతా వేళ్ళు కలిపి పిట్టముక్కులా చేసి, నోటి పక్కన పెట్టుకుని టపటపా టపటపా కొట్టుకునేలా ఆడించి, చెయ్యి తిప్పి 'ఏది?' అన్నట్టు చూపించాను.

చెల్లెలు పకపకా నవ్వింది. "అక్కా, నువ్వే! అచ్చం నువ్వే!"

ఆవిడ కూడా నవ్వబోయి, ఆపుకుని, మళ్ళీ ఆపుకోలేక నవ్వి, దిండులో మొహం దాచుకుంది. చాలాసేపు తీయలేదు. తీసినప్పుడు కళ్ళజోడు కోసం తడుముకుంటూ అంది:

"జ్వరం తగ్గాక వస్తానని చెప్పండి. మాట్లాడను. ఆ వెనక బెంచీలో కూర్చుని, నాక్కూడా భూగోళం కాస్త నేర్పమని అడుగుతాను."